పొద్దుగాల మొరాయించే బండి

సంక్రాంతి దాటినంక ఒకనాడు రాత్రి తొమ్మిదిన్నరకు మనవడు అమెరికా నుంచి వీడియో కాల్ చేసిండు. మిన్నెసోటాల ఉంటడు, అక్కడ అప్పుడు పొద్దున పది. ఫోన్ల మనిషి కనవడుతలేడు. ముక్కు, రెండు కండ్లు, మిగతాదంతా ఉన్ని. "తాతా, దోస్తు బండి స్టార్ట్ అయితలేదు. నువ్వు చెప్పు, నేను చేస్త" అన్నడు. ఫోన్ తిప్పి చూపిచ్చిండు. నాలుగు లావు టైర్లు, నడుమ మోటర్‌సైకిల్ సీటు, పైన హ్యాండిల్, ముంగట మంచు తోసే రేకు. ఏటీవీ అంటరట. బయట మైనస్ 18 డిగ్రీలు.

నేను పెద్దపల్లిల నలభై ఏండ్లు రెండు చక్రాల బండ్ల షెడ్డు నడిపిన. మా దిక్కు చలి అంటే పది, పన్నెండు డిగ్రీలు. ఆదిలాబాద్ జిల్లా బేల దిక్కు, కుమ్రంభీం జిల్లా సిర్పూర్(యు), తిర్యాణి దిక్కు పోతే ఐదారుకు దిగుతది. మే నెలల రామగుండం ఎండ చూసినోళ్లకు ఆ పది డిగ్రీలే గండం. మైనస్ 18 అంటే నాకు ఏం తెలుస్తది? కాని సీటు ఎత్తి ఇంజన్ చూపియ్యమన్నంక నవ్వొచ్చింది. ఒక్క సిలిండర్, ఒక కార్బరేటర్, చోకు, ప్లగ్గు. మా స్ప్లెండర్‌కు అన్న అసొంటిది.

ఆ రాత్రి గంటన్నర మాట్లాడినం. ఫోన్ పెట్టినంక నిద్ర పట్టలే. చలికాలం బండ్ల గురించి షెడ్డుల నేర్చుకున్నయి ఒక నోట్‌బుక్కుల రాసుడు మొదలువెట్టిన.

1. పానా పట్టకముందు తాళం చూడు

పల్సర్ బండి 2001ల వచ్చింది. వచ్చిన కొత్తల ఒక సింగరేణి కార్మికుడు పొద్దున ఐదున్నరకు బండి తోసుకుంట నా ఇంటి ముంగటికే వచ్చిండు. మొదటి షిఫ్టు ఏడింటికి. గోదావరిఖని పాతిక ముప్పై కిలోమీటర్లు. "అన్నా, మస్టర్ పోతది" అని ఒకటే తండ్లాట, ఆనాటి హాజరు పడదని. నేను ప్లగ్గు విప్పిన, కార్బరేటర్ విప్పిన, జెట్టు ఊదిన. గంట గడిచింది. నా కింద పని నేర్చుకునే పొల్లగాడు చాయ పట్టుకొచ్చి, హ్యాండిల్ మీద ఎర్ర స్విచ్చి చూసి "ఉస్తాద్, ఇదేంది?" అని నొక్కిండు. అది ఇంజన్ బంద్ చేసే స్విచ్చి. దానికి ముందు నేను బాగుచేసిన బండ్లల్ల ఆ స్విచ్చి ఉన్నది తక్కువ. పిల్లలు ఎవలో రాత్రి ఆడుకుంట నొక్కిండ్రు.

పైసలు తీసుకోలే. ఆయన మస్టర్ మాత్రం పోయింది.

అప్పటి నుంచి వరస పెట్టుకున్న: తాళం, ఎర్ర స్విచ్చి, పెట్రోలు ట్యాపు, ట్యాంకుల పెట్రోలు, న్యూట్రల్. ఇప్పటి బండ్లల్ల కొన్నిటికి సైడ్ స్టాండ్ లేపితేనే ఇంజన్ లేస్తది, అది కూడా చూడాలె. మనవడు చూపిచ్చిన బండికి గేరుల ఉంటే బ్రేకు పట్టుకుంటెనే సెల్ఫ్ పనిచేస్తదట. "అవన్నీ చూసిన తాతా" అన్నడు. "మల్ల చూడు" అన్న.

2. చెవి పెట్టు

సెల్ఫ్ నొక్కినప్పుడు బండి మూడు తీర్ల మాట్లాడుతది. "టక్, టక్" అని ఆగిపోతే కరెంటు చాలుతలేదు. "గుర్‌... ర్‌... ర్" అని ముసలాయన మెట్లెక్కినట్టు తిరిగితే బ్యాటరీ దిగింది, లేకుంటే ఆయిల్ చిక్కవడ్డది. జోరుగ తిరిగి కూడా అంటుకోకుంటే పెట్రోలు దిక్కో, నిప్పు దిక్కో చూడాలె. మెకానిక్కులు చాలమంది ఈ మూడో తీరు బండికి చేసే వైద్యం మొదటి తీరు బండికి చేస్తరు. పొద్దున పొద్దున్నే కార్బరేటర్ విప్పుతరు. నేనూ విప్పిన.

మనవణ్ని సెల్ఫ్ నొక్కి ఫోన్ దగ్గర పెట్టుమన్న. టక్, టక్.

3. చోకు ఎప్పుడు పెట్టాలె, ఎప్పుడు తీయాలె

పెట్రోలు నీళ్ల తీర్గ ఉన్నప్పుడు సిలిండర్ల సరిగ మండది. ఆవిరై గాలిల కలిస్తెనే అంటుకుంటది. చలికాలం దండెం మీద బట్టలు ఎందుకు ఆరయో, పొద్దున పెట్రోలు ఎందుకు ఆవిరి కాదో రెండూ ఒకటే. కార్బరేటర్ పంపిన పెట్రోలుల సగం గోడలకు అంటుకొని తడిగనే ఉంటది. అందుకే చోకు గుంజితే గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువైతది. ఎక్కువ పంపితే అందుల కొంతన్న ఆవిరైతది అని లెక్క.

ఇది తెల్వని కాలంల కూడా మనోళ్లు ఉపాయం పట్టిండ్రు. బజాజ్ చేతక్ ఉన్నోళ్లు పొద్దున స్కూటర్‌ను పక్కకు వంచి, కొంచెంసేపు అట్లనే పట్టుకొని, నిలవెట్టి కిక్కు కొడుతుండె. చూసేటోళ్లకు అది స్కూటర్‌కు మొక్కినట్టు కనవడేది. వంచితే పెట్రోలు ఇంత ఎక్కువ పారి ఇంజన్ దిక్కు పోతది. చోకు చేసే పనే అది.

తిప్పలు ఎక్కడంటే, స్టార్ట్ అయినంక చోకు తీసుడు మరిచిపోతరు. నా దగ్గరికి వచ్చే కార్మికులల్ల ఒకాయన చోకు పెట్టుకొని గోదావరిఖని దాక పోయి, షిఫ్టు దిగినంక "బండి లేస్తలేదు" అని ఫోన్ చేసెటోడు. ప్లగ్గు బొగ్గుబాయిల పడ్డట్టు నల్లగ ఉండేది. ఒకటి రెండు నిమిషాలు, ఇంజన్ నిమ్మళంగ ఆడేదాక చోకు చాలు.

కిక్కుల మీద కిక్కులు కొట్టి పెట్రోలు వాసన గుప్పుమంటే ఇగ చోకు ముట్టద్దు. చోకు తీసి, ఎక్సలేటర్ నిండ తిప్పి పట్టుకొని ఆరేడు కిక్కులు కొట్టు. గాలి దూరి తడి ఆరుతది. అప్పుడు లేవకుంటే ప్లగ్గు విప్పి తుడువు.

4. ప్లగ్గు రంగు

డాక్టర్ నాలిక చూసినట్టు నేను ప్లగ్గు చూస్త. బిస్కెట్ రంగుల ఉంటే ఇంజన్ మంచిగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, లేకుంటే గాలి తక్కువ. పెట్రోలుతోని తడిసి ఉంటే నిప్పు వస్తలేదు, లేకుంటే చోకు ఎక్కువైంది. నూనె తడి ఉంటే పిస్టన్ రింగుల దిక్కు చూడు. రెండు మొనల సందు బండిని బట్టి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల దాక ఉంటది. అరిగి ఆ సందు పెరిగితే ఎండకాలం ఎట్లనో నడుస్తది గాని, చలిల నిప్పు దాటది.

ఇగ నిప్పు వస్తుందా లేదా చూసుడు. ప్లగ్గు విప్పి, క్యాపుకు పెట్టి, దాని ఇనుప ఒళ్లు ఇంజన్‌కు ఆనిచ్చి కిక్కు కొడితే నీలం నిప్పు టిక్కుమనాలె. ఈ పరీక్ష నాకు నేర్పిన ఉస్తాద్ ఒక్క మాట చెప్పుడు మరిచిపోయిండు. ప్లగ్గు రంధ్రం పక్కనే ప్లగ్గు పెట్టద్దు. ఇంజన్ల ఉన్న పెట్రోలు ఆవిరి అదే రంధ్రం నుంచి బయటికి చిమ్ముతది. నేను పెట్టిన. భగ్గుమన్నది. కుడి చెయ్యి మీద వెంట్రుకలు, ఒక కనుబొమ్మ పోయినయి. అప్పుడు నాకు పంతొమ్మిదేండ్లు, ఆ నెలల్నే పెండ్లి చూపులు. మా అవ్వ బొగ్గు రాసి కనుబొమ్మ దిద్దింది. చూపుల కాడ ఎవ్వలు గుర్తువట్టలే అనుకున్న గాని, పెండ్లయిన ఆరు నెలలకు నా భార్య చెప్పింది, మొదటి చూపుల్నే దొరికిపోయిననట.

5. బ్యాటరీ

షెడ్డుల చలికాలం వచ్చే బండ్లల్ల సగం దీని కతే.

బ్యాటరీ లోపట సీసం రేకులు, యాసిడ్. వాటి నడుమ జరిగే రసాయన పని చలికి మందగిస్తది. అదే పొద్దున ఇంజన్ ఆయిల్ చిక్కవడి, తిప్పుడు బరువైతది. ఇచ్చేటోని బలం తగ్గింది, అడిగేటోని ఆశ పెరిగింది. మైనస్ 18 కాడ బ్యాటరీ బలం దాదాపు సగానికి పడిపోతది. మన పది డిగ్రీలకు అంత పోదు. కాని మూడేండ్ల పాత బ్యాటరీకి ఆ కొంచెమే చాలు. చలి కొత్త రోగం తేదు, ఎండకాలం దాచిపెట్టిన రోగాన్ని బయటవెడ్తది. చాలమంది నమ్మరు గాని బ్యాటరీని చంపేది మన ఎండ. మేల దెబ్బ తగిలి, డిసెంబర్ల పానం పోతది.

మీటరు ఉంటే చూడు. రాత్రంత ఊకె ఉన్న బ్యాటరీ నిండుగ ఉంటే 12.6 వోల్టులు, సగం దిగితే 12.2 దగ్గర చూపెడ్తది. సెల్ఫ్ నొక్కినప్పుడు పదికి బాగ కిందికి జారితే అది ఇగ నమ్మేది కాదు. మీటరు లేకుంటే హారన్ కొట్టు, హెడ్‌లైట్ వెయ్యి. గొంతు బొంగురువోతే, లైటు ఎర్రబారితే అదే మీటరు.

కొత్త బ్యాటరీ కొనేకంటె ముందు టెర్మినళ్లు చూడు. తెల్లగ, పచ్చగ పూత పట్టి ఉంటది. వంటసోడ కలిపిన నీళ్లు, పాత పండ్ల బ్రష్షు, అంతే. ఆరినంక బోల్టు బిగిచ్చి కొంచెం వాసెలిన్ రాయి. మా షెడ్డుల "బ్యాటరీ పోయింది" అని వచ్చిన బండ్లు ఎన్నో వంటసోడతోనే ఇంటికి వోయినయి. ఆమ్దాని లేని పని, అందుకే ఎవ్వలు ముందు చెయ్యరు.

సెల్ఫ్ ఐదు సెకన్లకంటె ఎక్కువ నొక్కద్దు. పది పదిహేను సెకన్లు ఆగి మల్ల నొక్కు. ఒత్తిపట్టుకొని నిలవడ్డోళ్లు బ్యాటరీతోపాటు సెల్ఫ్ మోటరును కూడ కాలవెడ్తరు.

మనవని మీటరు 11.9 చూపిచ్చింది. "విప్పి ఇంట్లకు తీసుకపో" అన్న. ముందుగాల డబ్బా ఉబ్బిందా చూడుమన్న. నిండ చార్జి ఉన్న బ్యాటరీ అంత చలికి గడ్డకట్టది, దిగిపోయిన దాంట్ల యాసిడ్ పల్చబడి నీళ్లకు దగ్గరైతది, అది గడ్డకడ్తది. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జి పెడితే పేలుడే. ఉబ్బలేదన్నడు. ఇంట్ల వేడి పట్టినంక చార్జరుకు పెట్టి, రేపు మాట్లాడుమన్న.

6. ఎలుక

ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పాలంటే ఒక ఎలుక కత చెప్పాలె. సుల్తానాబాద్ దిక్కు రైసు మిల్లుల పనిచేసే ఒకాయన బండి, వరి కోతలైనంక నెల రోజులు పక్కకు పెట్టిండు. మిల్లు కాడ ఊక, దుమ్ము, వడ్లు దేనికీ కరువు లేదు. బండి లేస్తలేదని ఆటోల ఏసుకొచ్చిండు. ప్లగ్గు మసి. మార్చిన. కొంచెం ఆడి ఆగింది, మల్ల మసి. కార్బరేటర్ కడిగిన. మల్ల మసి. మూడో రోజు ఫిల్టర్ డబ్బా మూత తీసిన. లోపట చినిగిన గోనె పీచు, ఊక, ఒక పిల్లగాని ఎర్ర రిబ్బన్ ముక్క, వాటి నడుమ గుంజిన దూదిలెక్క ఫిల్టర్ స్పాంజి, అందుల కండ్లు తెరువని ఐదు పిల్లలు. తల్లి లేదు. డబ్బాకున్న గాలి గొట్టంల నుంచి వచ్చి పోతుండె.

ఇంజన్‌కు గాలి లేక పెట్రోలే మింగుతుంది. ఎప్పుడూ చోకు గుంజి పెట్టినట్టే. బొగ్గు లారీలు తిరిగే తొవ్వల కూడ ఇదే పరిస్థితి, ఎలుక లేకున్నా దుమ్ముతోనే మూసుకపోతది.

పిల్లలను ఏం చేసినవని ఇప్పటికీ మా ఇంట్ల అడుగుతరు. స్పాంజితోని సహా ఎత్తి గోడ పక్కన పాత టైరుల పెట్టిన. పొద్దుగాల చూస్తే లేవు. తల్లే తీసుకపోయిందని నేను అంట, పిల్లి అని నా భార్య అంటది.

7. పెట్రోలుల నీళ్లు

ట్యాంకు సగం ఖాళీగ ఉంటే, రాత్రి చల్లవడ్డప్పుడు లోపటి గాలిల తడి రేకుకు చెమట పడ్తది. చుక్క చుక్క కింద చేరుతది. నీళ్లు పెట్రోలుకంటె బరువు, అందుకే ముందు కార్బరేటర్‌కు అవే దిగుతయి. కార్బరేటర్ కింద చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటది, దాన్ని వదులు చేసి గాజు గ్లాసుల పట్టు. అడుగున గోలీలలెక్క ఉరికేటియి నీళ్లు.

ఇప్పుడు పెట్రోలుల 20 శాతం ఇథనాల్ కలుస్తుంది. 2023 నుంచి మొదలువెట్టి దేశమంత చేసిండ్రు. ఇథనాల్‌కు తడిని గుంజుకునే గుణం ఉంటది. కొంచెం నీళ్లయితే కలుపుకొని కాలిపోతది, ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు రెండు కలిసి విడిపోయి అడుగుకు దిగుతయి. నెలలు నెలలు పక్కకు పెట్టే పాత బండి ఉంటే, ట్యాపు బంద్ చేసి కార్బరేటర్ల పెట్రోలు అయిపోయేదాక ఇంజన్ ఆడిచ్చి పెట్టు. స్లో జెట్ రంధ్రం సూది మొనంత ఉంటది. అందుల పెట్రోలు ఎండి జిగురు పట్టిందంటే, ఎండకాలం ఎట్లనో లేచే బండి చలికాలం లేవనే లేవది.

8. ఆయిల్ డబ్బా మీది అంకె

10డబ్ల్యూ-30 అంటే ముందటి అంకె చలిల ఎంత పల్చగ పారుతదో చెప్తది. అది ఎంత చిన్నదైతే చలికి అంత మంచిది. మనవని దోస్తు బండిల 0డబ్ల్యూ-40 పోస్తరట. మా దిక్కు ట్రాక్టర్‌కు మిగిలిన ఆయిల్ బైకుల పోసెటోళ్లు ఉన్నరు. వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

9. కిక్కు దూదిలెక్క పోతే

పెట్రోలు వస్తుంది, నిప్పు వస్తుంది, అయినా లేస్తలేదు. అప్పుడు కాలుతోని చూడాలె. మంచి ఇంజన్ల కిక్కు ఒక కాడ గట్టిగ తన్నుతది. అరిగిన ఇంజన్ల దూది మీద కాలు పెట్టినట్టు పోతది. ప్లగ్గు రంధ్రంల చెంచెడు ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులు కొట్టి, ప్లగ్గు పెట్టి మల్ల చూడు. కిక్కు గట్టివడితే రింగులు అరిగినయి. ఫరక్ లేకుంటే వాల్వులు సరిగ మూసుకుంటలేవు. టాపెట్ సందు చూసుకో. చాలసార్లు ఆ సందు సరిచేసుడుతోనే పని అయిపోతది, బోర్ చేపిచ్చే ఖర్చు తప్పుతది.

10. కొత్త బండ్లకు చోకు వెతకద్దు

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్-6 బండ్లల్ల చాలవాటికి పెట్రోలును ఇంజెక్టర్ చిమ్ముతది. ఇంజన్ ఎంత చల్లగుందో సెన్సరు చూసి చెప్తది, ఎంత పెట్రోలు కావాలెనో చిన్న కంప్యూటర్ లెక్కగడ్తది. మనం చేసేది ఒక్కటే. తాళం తిప్పినంక ట్యాంకుల పంపు "జుయ్" అంటది, రెండు మూడు సెకన్లు. అది ఆగినంక సెల్ఫ్ నొక్కు. పొల్లగాండ్లు తాళం, సెల్ఫ్ ఒక్కసారే తిప్పి "లేస్తలేదు కాకా" అని వస్తరు.

ఇంకొకటి. పాత స్ప్లెండర్‌ను బ్యాటరీ లేకున్నా రెండో గేరుల ఏసి తోస్తే లేస్తుండె. వీటికి పంపు తిరగాలన్నా, ఇంజెక్టర్ తెరవాలన్నా కరెంటే. బ్యాటరీ పూర్తిగ సచ్చిందంటే పెద్దకల్వల దాక తోసినా లాభం లేదు. నాకు పాత బండ్లే ఇష్టం, ఒప్పుకుంట. కాని చలి పొద్దున ఈ కొత్తయి నా పాతయిటికంటె మంచిగ లేస్తయి, అది కూడ ఒప్పుకోవాలె.

11. నిప్పు, తలుపు

ఇంజన్ కింద మండే గుడ్డ పెట్టుడు, కణకణలాడే బొగ్గులు పెట్టుడు నేను కండ్లార చూసిన. ఆదిలాబాద్ దిక్కు ట్రాక్టర్లకు చేస్తుండె. చెయ్యద్దు. మన బండ్ల కార్బరేటర్ పెట్రోలుతోని చెమ్మగిల్లితే, అంటుకునేదానికి ఒక చుక్క చాలు. వేడే కావాలంటే గుడ్డను వేడినీళ్లల్ల ముంచి పిండి, కార్బరేటర్‌కు బయట నుంచి చుట్టు.

చలి అని బండిని ఇంట్ల నిలవెట్టి, తలుపు మూసి స్టార్ట్ చేసెటోళ్లు ఇంకా ఉన్నరు. పొగల కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. మా వాడకట్టుల ఒక ఇంట్ల ఇట్లనే బండి వేడి చేస్తుంటే ముసలామె తల తిరిగి పడ్డది. బయటికి తీసుకొచ్చినంక లేచింది. ముందుగాల బండిని వాకిట్లకు తోసి, అటెన్క కిక్కు కొట్టాలె.

12. లేవంగనే రేజ్ ఇయ్యద్దు

రాత్రంత ఆయిల్ మొత్తం కిందికి దిగి ఉంటది. పైన క్యామ్ కాడ, సిలిండర్ గోడల కాడ పల్చటి పొర తప్ప ఏం లేదు. పంపు ఆయిల్‌ను పైకి ఎక్కియ్యాలంటే కొన్ని సెకన్లు పడ్తది, చలిల ఇంకా ఎక్కువ. ఆ సెకన్లల్ల రేజ్ ఇస్తే ఇనుముకు ఇనుము రాసుకుంటది. ఒక నిమిషం ఊకె ఆడనిచ్చి, మెల్లగ బయలెల్లి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిమ్మళంగ పో. ఇంజన్ అసలు వేడెక్కేది నడిస్తెనే.

మరునాడు అదే యాళ్లకు మనవడు ఫోన్ చేసిండు. బ్యాటరీ బిగిచ్చిండు. మీటరు 12.7. టెర్మినళ్లు తోమి, వాసెలిన్ రాసిండు, చూపిచ్చిండు. చోకు గుంజిండు. ఫోన్‌ను సీటు మీద నిలవెట్టిండు. నాకు తెల్లటి ఆకాశం, ఒక చెట్టు కొమ్మ కనవడుతున్నయి. సెల్ఫ్ గుర్రుమన్నది, ఆగింది. "పది సెకన్లు ఆగు" అన్న. మల్ల నొక్కిండు. మూడోసారికి అంటుకుంది. నా భార్య వంటింట్ల నుంచి "గా మోత ఏంది" అని వచ్చింది. ఫోన్ కదిలి పడిపోయింది, మంచు, ఒక బూటు కనవడ్డయి. అటెన్క ఇంజన్ ఒక్కసారి గట్టిగ అరిచింది, మల్ల అరిచింది. వాడు సంబురంగ ఎక్సలేటర్ తిప్పుతుండు.

"రేజ్ ఇయ్యకురా!" అని నేను ఇక్కడ పెద్దపల్లిల మంచం మీద లేచి నిలవడి మొత్తుకున్న. వానికి ఏం వినవడ్తది.